నవ్వించి మాన్పించాలనుకున్న తాగుడు: 'నల్లతంబి', మద్రాసు మద్యనిషేధం

'నల్లతంబి' 1949 ఫిబ్రవరి 4న విడుదలైన తమిళ హాస్యచిత్రం. ఎన్.ఎస్.కృష్ణన్ కథానాయకుడు, సి.ఎన్.అణ్ణాదురై కథకుడు, కృష్ణన్-పంజు జంట దర్శకులు. అనుకోకుండా జమీందారీ ఆస్తిలో వాటా దక్కిన ఒక సామాన్యుడి కథ ఇది. తాగుడు మానమని, చదువుకోమని చెప్పే రెండు ప్రబోధాలు అందులో పక్కపక్కనే నడుస్తాయి. సినిమా వచ్చే నాటికి మద్రాసు రాష్ట్రమంతటా మద్యనిషేధం అమల్లోకి వచ్చి నాలుగు నెలలైంది. తాగడం నేరమని చట్టం చెబుతుంటే, అదే మాటను పాటలతో, పరిహాసంతో చెప్పి జనాన్ని ఒప్పించే పని ఈ సినిమా నెత్తిన వేసుకుంది. తమిళ సినిమాలో సంఘ సమస్య మీద తీసిన హాస్యచిత్రాల గురించి మాట్లాడేటప్పుడు దీని పేరు తప్పకుండా వస్తుంది. అయితే దీన్ని అర్థం చేసుకోవాలంటే స్టూడియో కంటే ముందు కల్లు దుకాణం దగ్గర మొదలుపెట్టాలి.

మద్రాసు రాజధానిలో మద్యం వ్యవహారాన్ని ఒక చట్రంలోకి తెచ్చింది 1886 నాటి ఆబ్కారీ చట్టం. తయారీ, రవాణా, అమ్మకం మూడూ సర్కారు అనుమతి మీదే సాగాలి. గీసే ప్రతి తాటిచెట్టుకూ, కొబ్బరిచెట్టుకూ, ఈతచెట్టుకూ పన్ను కట్టాలి. కట్టిన చెట్టుకు గుర్తు వేసేవారు. గుర్తు లేని చెట్టుకు లొట్టి కనబడితే గీసినవాడి మీద కేసు. దుకాణాలను ఏటా వేలం వేసేవారు. ఎక్కువ పాడినవాడికి దుకాణం. పాడిన సొమ్ము రాబట్టుకోవాలంటే అతను ఎక్కువ పోయాలి, తాగేవాళ్లు ఎక్కువ తాగాలి. అంటే తాగుడు పెరిగితే లాభపడేవాళ్లలో దుకాణదారు తర్వాతి పేరు సర్కారుదే. 1930ల్లో మద్రాసు ప్రభుత్వ రాబడిలో దాదాపు నాలుగో వంతు ఆబ్కారీ నుంచే వచ్చేది. తర్వాతి కథంతా ఈ ఒక్క అంకె చుట్టూ తిరుగుతుంది.

సహాయ నిరాకరణ రోజుల్లో కల్లు దుకాణాల ముందు పికెటింగ్ కాంగ్రెస్ కార్యక్రమంలో భాగమైంది. ఈరోడ్‌లో ఇ.వి.రామస్వామి, అంటే తర్వాతి పెరియార్, తన తోటలోని కొబ్బరిచెట్లను కల్లుకు వాడకుండా నరికించేశారు. ఆయన భార్య నాగమ్మై, చెల్లెలు కణ్ణమ్మాళ్ దుకాణాల ముందు నిలబడ్డారు. ఈ ఉద్యమంలో ఎక్కువ పట్టుదల చూపినవారు కాంగ్రెస్ నాయకుడు రాజాజీ. సేలం జిల్లా తిరుచెంగోడు దగ్గర 1925లో పెట్టిన గాంధీ ఆశ్రమం నుంచి, మద్యనిషేధ ప్రచారం కోసమే 'విమోచనం' అనే తమిళ మాసపత్రిక నడిపారు. ఆయనకు సాయపడిన కుర్రవాడు కల్కి కృష్ణమూర్తి. తమిళ పత్రికల్లో హాస్యానికి పెద్దపీట వేసిన కల్కి కలం పదునెక్కిన చోట్లలో ఈ మద్యనిషేధ పత్రిక ఒకటి. తాగుబోతును తిట్టడం కంటే నవ్వించడం మేలన్న ఆలోచనకు మూలాలు ఇక్కడే కనిపిస్తాయి.

సినిమా మాత్రం ఆ పాఠం వెంటనే నేర్చుకోలేదు. 1936లో ఎల్లిస్ ఆర్.డంగన్ దర్శకత్వంలో వచ్చిన 'సతీ లీలావతి'లో తాగుడుకు బానిసైన సంపన్న యువకుడు స్నేహితుణ్ణి చంపానన్న భ్రమలో సింహళానికి పారిపోయి, తేయాకు తోటలో కూలీ అవుతాడు. ఇంటి దగ్గర భార్య కష్టాలు పడుతుంది. ఆనంద వికటన్ పత్రికలో ఎస్.ఎస్.వాసన్ రాసిన సీరియల్ ఆ సినిమాకు ఆధారం. ఎం.జి.రామచంద్రన్ తొలిసారి తెర మీద కనిపించింది అందులోనే, ఇన్‌స్పెక్టర్‌గా ఒక చిన్న వేషంలో. ఎన్.ఎస్.కృష్ణన్ తొలి సినిమాల్లో కూడా అది ఒకటి. రెండేళ్ల తర్వాత తెలుగులో హెచ్.ఎం.రెడ్డి తీసిన 'గృహలక్ష్మి'దీ ఇదే దారి. కల్లు మానమంటూ చిత్తూరు నాగయ్య పాడిన పాట ఆంధ్ర ప్రాంతంలో ఊరూరా మోగింది. పాట నిలిచింది. తాగుబోతు మాత్రం కన్నీళ్ల కథలోని పాత్రగానే ఉండిపోయాడు. ఈ సినిమాల్లో తాగేవాడు ఎప్పుడూ మంచి కుటుంబం నుంచి జారిపడినవాడే. రోజంతా మట్టి తవ్వి, సాయంత్రం దుకాణం దగ్గర ఆగే కూలీ కథ వాటికి పట్టలేదు.

1937లో రాజాజీ మద్రాసు ప్రధానమంత్రి అయ్యారు. ఆ ఏడాది అక్టోబరు 1న తన సొంత జిల్లా సేలంలో నిషేధం మొదలుపెట్టారు. దేశంలో ఒక ప్రభుత్వం చట్టం చేసి జిల్లా మొత్తం మద్యం ఆపిన తొలి ప్రయోగాల్లో ఇది ముఖ్యమైనది. 1938లో చిత్తూరు, కడప జిల్లాలకూ, 1939లో ఉత్తర ఆర్కాటుకూ దాన్ని విస్తరించారు. అలా మొదటి విడతలోనే రెండు తెలుగు జిల్లాలు నిషేధంలోకి వచ్చాయి. పోయిన రాబడికి బదులుగా 1939లో అమ్మకం పన్ను తెచ్చారు. నేడు బిల్లు మీద కనిపించే పన్ను వంశవృక్షాన్ని వెనక్కి తిప్పితే, మద్రాసులో మూసిన కల్లు దుకాణం దగ్గర ఒక వేరు తగులుతుంది.

నిషేధమంటే గీత కార్మికుడి కడుపు మీద దెబ్బ. ఈ సంగతి ప్రభుత్వానికీ తెలుసు. చెట్టుకు కట్టే కుండ లోపల సున్నం పూస్తే కారిన రసం పులియదు, తియ్యగానే ఉంటుంది. ఆ రసాన్ని కాచి బెల్లం వండుకోవచ్చు. అందుకోసం లైసెన్సులిచ్చి, తాటిబెల్లం సహకార సంఘాలను ప్రోత్సహించారు. మోకు, కత్తి పాతవే, సున్నం మాత్రం కొత్తది. సున్నం పలచగా పూసినా, రోజూ కుండ కడగకపోయినా రసం పులిసిపోతుంది. అప్పుడు బెల్లం వండే మనిషే కల్లు కేసులో ముద్దాయి. పైగా బెల్లానికి పొద్దంతా పొయ్యి మండాలి, కట్టెలు కావాలి, కొనేవాళ్లు కావాలి. కల్లు మీద వచ్చే డబ్బుతో పోలిస్తే ఈ సంపాదన చాలామందికి గిట్టలేదు.

1939 అక్టోబరులో కాంగ్రెస్ ప్రభుత్వం రాజీనామా చేసింది. 1943లో యుద్ధకాలపు గవర్నర్ పాలన నిషేధాన్ని పక్కన పెట్టి దుకాణాలు తెరిపించింది. యుద్ధం ముగిసి, ఎన్నికలు జరిగి, కాంగ్రెస్ తిరిగి వచ్చాక 1946లో కొన్ని జిల్లాల్లో నిషేధం మళ్లీ మొదలైంది. ఓమందూరు రామస్వామి రెడ్డియార్ ప్రభుత్వ హయాంలో, 1948 అక్టోబరు 2న, అంటే గాంధీజీ హత్య తర్వాత వచ్చిన తొలి జయంతి నాటికి, అది రాష్ట్రమంతటికీ చేరింది. శ్రీకాకుళం వైపు తీరం నుంచి కన్యాకుమారి సరిహద్దు దాకా చట్టప్రకారం ఒక్క దుకాణం లేదు. 'నల్లతంబి' తయారైంది ఈ వాతావరణంలోనే.

ఎన్.ఎస్.కృష్ణన్ 1908లో నాగర్‌కోయిల్ దగ్గర ఒళుగినచేరిలో పేద కుటుంబంలో పుట్టారు. విల్లుపాటతో మొదలై, టి.కె.ఎస్. సోదరుల నాటక సమాజంలో పెరిగి, 1930ల మధ్యలో సినిమాల్లోకి వచ్చారు. శ్రీరంగానికి చెందిన టి.ఎ.మదురం మొదట ఆయనకు తెరమీద జంట, తర్వాత జీవితంలోనూ జంట. వీళ్లు సినిమాలో హాస్యానికి ఒక కొత్త పద్ధతి తెచ్చారు. అసలు కథతో పెద్దగా సంబంధం లేకుండా, సొంత బృందంతో సొంతంగా రాసుకున్న హాస్య ఘట్టాలను తీసి పెద్ద సినిమాల్లో అతికించేవారు. పురాణ కథ నడుస్తుండగా మధ్యలో వచ్చే ఈ ఘట్టాల్లో మూఢనమ్మకం, కులాహంకారం, దొంగ సన్యాసం, అన్నీ దెబ్బలు తినేవి. గాంధీ భక్తుడైన కృష్ణన్‌కు పెరియార్ ఉద్యమంతోనూ స్నేహమే. నాగర్‌కోయిల్‌లో గాంధీ స్మారక స్తంభం కట్టించినదీ ఆయనే, హేతువాద సభల్లో జనాన్ని నవ్వించినదీ ఆయనే. రెండు శిబిరాలూ ఆయన్ను తమవాడనుకున్నాయి.

1944 నవంబరులో మద్రాసులో లక్ష్మీకాంతన్ అనే పత్రికా సంపాదకుడు కత్తిపోట్లకు గురై చనిపోయాడు. సినిమావాళ్ల సొంత విషయాలను బజారుకెక్కించే పత్రిక అది. ఆ కేసులో కృష్ణన్‌నూ, నాటి మహా గాయక నటుడు ఎం.కె.త్యాగరాజ భాగవతార్‌నూ అరెస్టు చేశారు. 1945లో ద్వీపాంతర శిక్ష పడింది. వ్యవహారం ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్లి, తిరిగి హైకోర్టుకు వచ్చి, 1947 ఏప్రిల్‌లో ఇద్దరూ నిర్దోషులుగా బయటపడ్డారు. భాగవతార్ సినీ జీవితం దాని తర్వాత కోలుకోలేదు. కృష్ణన్‌ది వేరే దారి. ఆయన జైల్లో ఉండగానే ఎస్.వి.సహస్రనామం నాటక బృందాన్ని నిలబెట్టారు. మదురం, ఆ బృందం కలిసి కృష్ణన్-పంజు దర్శకత్వంలో 'పైత్తియక్కారన్' తీశారు. విడుదలైన కృష్ణన్ కోసం అందులో ఘట్టాలు చేర్చారు. జైలుకు వెళ్లొచ్చిన అనుభవాన్నే పాటగా, పరిహాసంగా మార్చి ఆయన జనం ముందు నిలబడ్డారు. పమ్మల్ సంబంధ మొదలియార్ ఆయనకు 'కలైవాణర్' బిరుదు ఇచ్చింది కూడా ఆ ఏడే.

'నల్లతంబి' బృందం అలా సిద్ధమైంది. దర్శకులు వాళ్లే, సహస్రనామం, మదురం వాళ్లే. కొత్తగా చేరినవారు అణ్ణాదురై. కాంచీపురం నుంచి వచ్చిన ఈ ద్రావిడ కళగం నాయకుడు అప్పటికే పత్రికారంగంలోనూ నాటకరంగంలోనూ పేరు తెచ్చుకున్నారు. ఆయన కథతో తెరకెక్కిన మొదటి సినిమా ఇదే. ఫ్రాంక్ కాప్రా 1936లో తీసిన హాలీవుడ్ చిత్రం 'మిస్టర్ డీడ్స్ గోస్ టు టౌన్' ఎముకల గూడు మీద తమిళ కండ పెట్టారు. జమీందారు చనిపోతాడు. ఆస్తిలో భాగం దూరపు బంధువైన నల్లతంబికి దక్కుతుంది. ఆ డబ్బు మీద కన్నేసిన ఎస్టేటు వ్యవహర్త కుట్రలు పన్నుతాడు. డబ్బు తన సొంతానికి కాకుండా పేదల కోసం ఖర్చుపెట్టే కథానాయకుణ్ణి లోకం వింతగా చూస్తుంది. సంపన్న వారసురాలి పాత్రలో భానుమతి కనిపిస్తారు. అదే ఏడాది తన సొంత భరణీ సంస్థలో 'లైలా మజ్ను' చేస్తున్న భానుమతి అప్పటికి తెలుగు, తమిళ తెరలు రెండింటి మీదా తారే. మరో పాత్రలో నటించిన వి.ఎన్.జానకి తర్వాత ఎం.జి.ఆర్. భార్య అయ్యారు, 1988 జనవరిలో కొద్దిరోజులు తమిళనాడు ముఖ్యమంత్రి కూడా అయ్యారు. సంగీతం సి.ఆర్.సుబ్బరామన్. తాగుడు వద్దన్న ఈ సినిమాకు బాణీలు కట్టిన చేతులే మూడేళ్లకు, తెలుగువాళ్ల తెరమీద అందరికంటే పెద్ద తాగుబోతైన దేవదాసుకు పాటలు కట్టాయి. ఆ పని పూర్తికాకుండానే 1952లో ఆయన కన్నుమూశారు.

సినిమాలో తాగుడు మీద పరిహాసం కృష్ణన్ పాత పద్ధతిలోనే నడుస్తుంది. పాటలు రాసింది ఉడుమలై నారాయణ కవి. పల్లె మాటతో, జానపద నడకతో చురక అంటించడంలో దిట్ట. కృష్ణన్ ప్రబోధించేటప్పుడు ఎత్తున నిలబడి ఉపన్యసించరు. ఎదుటివాడి పక్కన కూర్చుని, వాడి భాషలోనే, వాడి వాదనను వాడికే తిప్పి చెబుతారు. మొదట నవ్వు వస్తుంది, ఆ నవ్వు తన మీదేనని తెలియడానికి కాస్త సమయం పడుతుంది. ఈ పద్ధతి లోపాలూ కనిపిస్తాయి. ప్రబోధం కోసం కథ చాలాసార్లు ఆగిపోతుంది. తాగేవాడి బలహీనత మీద పడినంత వెలుగు, తాగుడు మీద బతికిన ఖజానా మీద పడలేదు. నిషేధం అమలు చేస్తున్న ప్రభుత్వం కాంగ్రెస్‌ది, కథ రాసింది ఆ పార్టీని ఎదిరించే మనిషి. అయినా మద్యం విషయంలో ఇద్దరిదీ ఒకే మాట. ఆ రోజుల్లో మద్రాసు రాజకీయాల్లో ఇలా అందరూ కలిసిన చోట్లు తక్కువ.

అయితే 'నల్లతంబి'ని నిలబెట్టింది మద్యనిషేధ ఘట్టాలు కావు, 'కిందనార్' హరికథ. తమిళదేశంలో గోపాలకృష్ణ భారతి రాసిన నందనార్ చరిత్రను హరికథలుగా చెప్పుకోవడం పందొమ్మిదో శతాబ్దం నుంచీ ఉన్న సంప్రదాయం. దళితుడైన నందుడు చిదంబరం నటరాజ దర్శనం కోసం తపించి, యజమాని అనుమతి కోసం కాళ్లావేళ్లా పడి, చివరికి అగ్నిలోంచి నడిచి పునీతుడై గుడిలో ప్రవేశిస్తాడు. కృష్ణన్ సరిగ్గా అదే మూసలో, హరికథ చెప్పే భాగవతార్ వేషంలో నిలబడి, పక్కవాద్యాలతో, హరికథకుల హంగులన్నీ చేస్తూ, నందుణ్ణి తీసేసి కిందణ్ణి పెట్టారు. కిందడికి గుడి దర్శనం అక్కర్లేదు, చదువు కావాలి. ఊరి బడిలో పంతులు వెళ్లగొడతాడు. పట్నం వెళ్లాలని తపించి రైలెక్కుతాడు. టిక్కెట్టు కొన్నవాళ్లందరినీ కులం అడక్కుండా ఒకే పెట్టెలో కూర్చోబెట్టుకునే రైలు ఆ కథలో అగ్నిప్రవేశం కంటే పెద్ద మహిమ. చదువు పూర్తిచేసి కిందడు స్కూళ్ల ఇన్‌స్పెక్టర్ అవుతాడు. ఒకప్పుడు తనను తరిమేసిన బడికి తనిఖీకి వస్తాడు. ఆనాటి పంతులు చేతులు కట్టుకుని ఎదురొస్తాడు.

హరికథకు పేరుపొందిన ఆదిభట్ల నారాయణదాసు గురించి తెలిసిన తెలుగువాళ్లకు ఈ ఘట్టంలోని సాహసం వెంటనే అర్థమవుతుంది. హరికథలో శ్రోతను పట్టి ఉంచేది దైవకథ మీది భక్తి. ఆ భక్తిని చెడగొట్టకుండా దాని గమ్యాన్ని మాత్రం మార్చడం ఇక్కడి నేర్పు. ఎగతాళి నందుడి మీద కాదు, నందుణ్ణి అగ్గిలో నడిపించిన లోకం మీద. ఈ హరికథను కృష్ణన్ సినిమా బయట కూడా వేదికల మీద చెప్పేవారు. తమిళ హాస్యం గురించి రాసినవాళ్లు 'నల్లతంబి' కథ మరిచిపోయినా కిందనార్‌ను తప్పకుండా తలచుకుంటారు.

మూడు వారాల తేడాతో, ఫిబ్రవరి 25న, అణ్ణాదురై రాసిన మరో సినిమా 'వేలైక్కారి' విడుదలై 'నల్లతంబి'ని మించిన సంచలనమైంది. ఆ ఏడాది సెప్టెంబరులో ఆయన ద్రావిడ మున్నేట్ర కళగాన్ని స్థాపించారు. కృష్ణన్-పంజు 1952లో 'పరాశక్తి' తీశారు. ఎన్.ఎస్.కృష్ణన్ 1957 ఆగస్టు 30న, యాభై ఏళ్లు నిండకుండానే చనిపోయారు. దానధర్మాలు చేసి చేసి చివరి రోజుల్లో ఆయన చేతిలో పెద్దగా ఏమీ మిగల్లేదు.

నిషేధం మొదట బీటలు వారింది తెలుగు నేల మీదే. 1953లో మద్రాసు నుంచి విడివడిన ఆంధ్ర రాష్ట్రానికి ఆ చట్టం వారసత్వంగా వచ్చింది. దాని మంచిచెడ్డలు చూడమని వేసిన ఎస్.వి.రామమూర్తి కమిటీ, నిషేధం ఎత్తేయమని సిఫారసు చేసింది. గీత కార్మికుల పక్షాన పోరాడిన గౌతు లచ్చన్న ఇదే సమస్య మీద ముఖ్యమంత్రి ప్రకాశం మంత్రివర్గం నుంచి తప్పుకున్నారు. 1954 నవంబరులో అవిశ్వాస తీర్మానం మీద ప్రకాశం ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. గీత కార్మికుల కడుపు కొట్టిన చట్టం మీద వాళ్ల కడుపుమంట ఇలా రాజకీయ రూపం తీసుకుంది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక మరో విడ్డూరం. ఎన్నడూ మద్రాసు చట్టం కింద లేని తెలంగాణ వైపు దుకాణాలు తెరిచే ఉన్నాయి, ఆంధ్ర వైపు నిషేధం ఉంది.

తమిళనాడులో నిషేధం మరికొంత కాలం నిలిచింది. 1967లో ముఖ్యమంత్రి అయిన అణ్ణాదురై నిషేధాన్ని కదపలేదు. 1969లో ఆయన పోయాక వచ్చిన కరుణానిధి ప్రభుత్వం 1971లో దాన్ని నిలిపివేసింది. తొంభై రెండేళ్ల రాజాజీ స్వయంగా వెళ్లి వద్దని కరుణానిధిని కోరారు. ఫలితం లేకపోయింది. 1974లో నిషేధం మళ్లీ వచ్చింది, 1981లో ఎం.జి.ఆర్. ప్రభుత్వంలో మళ్లీ పోయింది. 'సతీ లీలావతి'తో తెరకెక్కిన నటుడు, సినిమా సంభాషణల రచయిత కరుణానిధి ఇద్దరూ ఖజానా ముందు తలవంచారు. 1886 చట్టం నాటి లెక్క ఎవరు గద్దెనెక్కినా మారలేదు.

సినిమాలోని రెండు ప్రబోధాలు నిజ జీవితంలో ఒకచోట కలిసింది 1990ల్లో, నెల్లూరు జిల్లా దూబగుంటలో. అక్షరాస్యత తరగతిలో సారా మీద చదివిన పాఠం ఆ ఊరి ఆడవాళ్లను సారా దుకాణం మూయించే దాకా నడిపింది. ఆ ఊరి రోసమ్మ ముందు నిలబడిన ఆ కదలిక ఆంధ్రప్రదేశ్ అంతటా పాకింది. 1993లో సారా నిషేధం, 1995 జనవరిలో ఎన్.టి.రామారావు ప్రభుత్వం అమల్లోకి తెచ్చిన సంపూర్ణ నిషేధం దాని ఫలితాలు. 1997లో ఆ నిషేధమూ ఎత్తేశారు. కారణం ఎప్పటిలాగే రాబడి.

'నల్లతంబి' చెప్పిన రెంటిలో చదువు మాట గెలిచింది, తాగుడు మాట ఓడింది. బడి తెరిస్తే ప్రభుత్వానికి ఓట్లు, దుకాణం మూస్తే నష్టం. ఎంత గొప్ప హాస్యనటుడైనా ఆ నష్టాన్ని నవ్వుతో పూడ్చలేడు. చెన్నైలో ప్రభుత్వ సభామందిరానికి కృష్ణన్ బిరుదుతో 'కలైవాణర్ అరంగం' అని పేరు పెట్టారు. అదే ప్రభుత్వం 1983లో పెట్టిన టాస్మాక్ సంస్థ 2003 నుంచి రాష్ట్రమంతటా చిల్లర మద్యం దుకాణాలను స్వయంగా నడుపుతోంది.